రైడ్ స్లాట్‌కు డబ్బు తీసుకుని ఎక్కించలేదు: సిరొంచలో ఉండి కేసు వేయొచ్చా?

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ. పోయిన దీపావళి సెలవుల్లో మేమిద్దరం, మా ఇద్దరు పిల్లలు, మా ఆడపడుచు, ఆమె కూతురు కలిసి వేరే రాష్ట్రంలోని ఒక థీమ్ పార్కుకు వెళ్లాం. వాళ్ల యాప్‌లోనే ఎంట్రీ టికెట్లు కొన్నాం, మనిషికి 1,400. క్యూలో నిలబడకుండా నాలుగు పెద్ద రైడ్లకు టైమ్ స్లాట్ ఇచ్చే పాస్ అంటూ మనిషికి ఇంకో 600 కట్టించుకున్నారు. 'ఇంకా 3 పాస్‌లే మిగిలాయి' అని కనిపిస్తుంటే టెన్షన్‌తో కొనేశాం. బిల్లు చూస్తే మేము అడగని ఇన్సూరెన్స్ మనిషికి 30 పడింది. అక్కడ రెండు రైడ్లు ఎక్కాం. అందులో ఒకదానికి మా ఏడేళ్ల బాబు ఎత్తు చాలదని పక్కన కూర్చోబెట్టారు. మూడోది రోలర్ కోస్టర్, స్లాట్ 2:30కి. వెళ్తే మూసి ఉంది. యాప్‌లో స్లాట్ 6:15కి మారింది, పార్కు మూసేదే 6కి! నాలుగో రైడ్‌కు మధ్యాహ్నం నుంచి 'స్లాట్లు నిండిపోయాయి' అనే చూపించింది. మామూలు క్యూలో రెండు గంటలు నిలబడలేక వచ్చేశాం. డబ్బు అడిగితే పాస్‌కు రీఫండ్ లేదని, ఏదున్నా తమ నగరంలోని కోర్టులోనే తేల్చుకోవాలని షరతుల్లో ఉందని అంటున్నారు. రోజంతా పాడైంది. ఐదు లక్షలు అడగొచ్చా? అంత దూరం తిరగడం మా వల్ల అవుతుందా?

జవాబు: ముందుగా మీ ఆఖరి ప్రశ్నకే చెబుతాను, చాలామంది అక్కడే ఆగిపోతారు కాబట్టి. మీరు ఆ నగరానికి వెళ్లక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేసే మనిషి ఎక్కడ నివసిస్తుంటే, లేదా ఎక్కడ పని చేసుకుంటుంటే, అక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. 1986 నాటి పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. కొత్త చట్టం 2020 జులై 20న అమల్లోకి వచ్చాక సిరొంచలాంటి ఊళ్లకు కలిగిన అతి పెద్ద మేలు ఇదేనని నా అభిప్రాయం. షరతుల్లో రాసుకున్న 'మా నగరం కోర్టు' అన్న వాక్యాన్ని పార్కు వాళ్లు తప్పకుండా ముందుకు తెస్తారు. మీరు 34వ సెక్షన్‌తో పాటు 100వ సెక్షన్ కూడా చూపించండి. ఈ చట్టం ఇచ్చే హక్కు మిగతా చట్టాలకు అదనమని అది చెబుతుంది. ఇలాంటి వాదన మీదే 2018లో సుప్రీంకోర్టు, ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు (గొడవ వస్తే కోర్టుకు కాకుండా మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలనేది) ఉన్నా వినియోగదారుల ఫోరానికి వెళ్లే దారి మూసుకుపోదని ఎమ్మార్ ఎంజీఎఫ్ అనే రియల్ ఎస్టేట్ కంపెనీ కేసులో చెప్పింది. చదవకుండా నొక్కిన 'ఐ అగ్రీ'తో పార్లమెంటు ఇచ్చిన హక్కు పోయిందంటే నేను ఒప్పుకోను.

ఇక అసలు విషయం. మీరు అక్కడ రెండు కొన్నారు: పార్కులోకి వెళ్లే హక్కు ఒకటి, నిర్ణీత సమయానికి రైడ్ ఎక్కే హక్కు ఇంకొకటి. ఫిర్యాదులో ఈ రెండింటినీ కలిపేస్తే మీ కేసు బలహీనమవుతుంది. ఎంట్రీ టికెట్ డబ్బు 8,400 వెనక్కి అడగొద్దు. సాయంత్రం దాకా లోపలే ఉన్నారు, రెండు రైడ్లు ఎక్కారు. మామూలు క్యూలో రెండు గంటలు నిలబడాల్సి రావడం బాధే, కానీ ఇంత సేపట్లో ఎక్కిస్తామని వాళ్లు ఎక్కడా మాట ఇవ్వకపోతే దాన్ని సేవా లోపం అనలేం. పండగ సెలవుల రద్దీ అని వాళ్లు ఒక్క ముక్కలో తోసేస్తారు.

పాస్ సంగతి అలా కాదు. అక్కడ డబ్బు పుచ్చుకున్నదే సమయానికి. రోలర్ కోస్టర్ సాంకేతిక కారణంతో ఆగితే ఆపినందుకు వాళ్లను తప్పు పట్టకండి. అనుమానం ఉన్న రైడ్‌ను ఆపడమే సరైన పని, కమిషన్ కూడా అదే అంటుంది. ఆపిన తర్వాత మీకేం చేశారన్నదే మన ప్రశ్న. పార్కు మూసేశాక ఉండే సమయానికి స్లాట్ మార్చడాన్ని సేవ అనరు. నాలుగో రైడ్‌కు స్లాట్లు ఎన్ని ఉన్నాయో, పాస్‌లు ఎన్ని అమ్మారో లెక్క వాళ్ల సర్వర్‌లోనే ఉంటుంది. ఆ లెక్క కమిషన్ ముందు పెట్టించమని మీ ఫిర్యాదులోనే అడగండి. స్లాట్లకు మించి పాస్‌లు అమ్మినట్టు తేలితే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. నా దృష్టిలో మీ కేసుకు ప్రాణం ఇదే.

ఇలాంటి బాధ మన దగ్గరే పుట్టింది కాదు. అమెరికాలో డిస్నీ పార్కులు 1999లో ఫాస్ట్‌పాస్ పేరుతో ఈ టైమ్ స్లాట్ పద్ధతి మొదలుపెట్టినప్పుడు అది ఉచితం. 2021లో జీనీ ప్లస్ పేరుతో డబ్బు పెట్టి కొనాల్సిన సేవగా మార్చారు, 2024లో దాని పేరు లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అయింది. ఉచితంగా ఇచ్చినంత కాలం స్లాట్ దొరక్కపోతే జనం విసుక్కుని ఊరుకున్నారు. డబ్బు తీసుకున్నాక అది ఒప్పందం అవుతుంది. కాలిఫోర్నియాలో డిస్నీ 1,399 డాలర్ల వార్షిక పాస్‌ను 'ఏ రోజూ నిషేధం లేదు' అని అమ్మింది. పార్కులో ఖాళీ ఉన్న రోజుల్లో కూడా ఆ పాస్ ఉన్నవాళ్లకు రిజర్వేషన్ ఇవ్వలేదని ఒక కొనుగోలుదారు కోర్టుకెక్కారు. తీర్పు దాకా వెళ్లకుండానే 2023లో 95 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. మన కమిషన్‌కు అదేమీ నజీరు (పాటించాల్సిన పాత తీర్పు) కాదు, మీరు ఉటంకించనక్కర్లేదు. కానీ 'మా రిజర్వేషన్ పద్ధతి మా ఇష్టం' అనే మాట అక్కడ కూడా అంత తేలిగ్గా చెల్లలేదని మీకు తెలియాలి. ఇంకో సంగతి: స్లాట్ ఉన్న రైడ్ ఆగిపోతే ఆ స్లాట్‌ను వేరే రైడ్‌కు వాడుకోనిచ్చే ఏర్పాటు అదే డిస్నీలో ఉంది. మీరు అడుగుతున్నది గొంతెమ్మ కోరిక కాదు.

బాబు ఎత్తు విషయంలో కాస్త జాగ్రత్త. ఎత్తు నిబంధన ప్రాణాలు కాపాడేది, దాని మీద గొడవ పెట్టుకోవద్దు. మీ ఫోన్‌లో బుకింగ్ పేజీ మళ్లీ తెరిచి చూడండి. పాస్ కొనేచోట ఎత్తు పరిమితి స్పష్టంగా రాసి ఉంటే ఆ ఒక్క రైడ్ డబ్బు వదిలేయండి. రాయకుండా, వయసు మాత్రమే అడిగి పూర్తి ధరకు అమ్మి ఉంటే అది కూడా కలపండి.

అడగని ఇన్సూరెన్స్ చిన్న మొత్తమే, మొత్తం 180 రూపాయలు. అయినా వదలకండి, చట్టం మీ వైపు అన్నిటికంటే సూటిగా ఉన్నది ఇక్కడే. 2020 ఈ-కామర్స్ నియమాల్లో 4వ నియమం ప్రకారం ముందే టిక్ పెట్టి ఉంచిన గడిని కొనేవారి అంగీకారంగా లెక్కించకూడదు. 2023 నవంబర్ 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవారిని తప్పుదారి పట్టించే యాప్, వెబ్‌సైట్ ఎత్తుగడలు) మార్గదర్శకాలు నిషేధించిన 13 రకాల మోసాల్లో, అడగని వస్తువును బుట్టలో వేయడం ఒకటి, 'ఇంకా 3 మాత్రమే' అని లేని తొందర పుట్టించడం ఇంకొకటి. రెండోది రుజువు చేయడం కష్టం. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అదే అంకె కనిపించిన స్క్రీన్‌షాట్లు మీ ఆడపడుచు ఫోన్‌లోనైనా ఉన్నాయేమో వెతకండి.

ఐదు లక్షలు అడగొద్దు. మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. కొండంత అడిగితే కమిషన్‌కు మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం సడలుతుంది. లెక్క వేద్దాం. పాస్ 600, రైడ్లు నాలుగు, ఒక్కోటి 150. ఐదుగురికి రెండేసి రైడ్లు పోయాయి, అది 1,500. బాబుకు మూడు పోయాయి, అది 450 (ఎత్తు పరిమితి ముందే రాసి ఉంటే ఇందులో, కింది మొత్తంలో 150 తగ్గించండి). ఇన్సూరెన్స్ 180. మొత్తం 2,130 మీకు కచ్చితంగా రావాల్సింది. అసలు ఆ పాస్ కొన్నదే రోలర్ కోస్టర్ కోసం అని చెప్పి పాస్ డబ్బు 3,600 పూర్తిగా, ఇన్సూరెన్స్‌తో కలిపి 3,780 అడగండి, 2,130ని ప్రత్యామ్నాయంగా పెట్టండి. దాని మీద వడ్డీ, మానసిక వేదనకు పదో పదిహేనో వేలు, ఖర్చులు. ఈ పద్ధతిలో పాస్‌లు అమ్మడం ఆపమని ఆదేశించే అధికారం కూడా 39వ సెక్షన్ కింద కమిషన్‌కు ఉంది, అది తప్పక అడగండి. మీ తర్వాత వెళ్లే కుటుంబాలకు పనికొచ్చేది అదే. 'రీఫండ్ లేదు' అనే షరతునే అన్యాయమైన ఒప్పందంగా కొట్టేయమని అడగాలంటే మాత్రం రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఇంత చిన్న మొత్తానికి ఆ దారి వద్దు. సేవా లోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న రెండింటి మీదే నిలబడండి.

మొదట 1915కు ఫోన్ చేసి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. చాలా కంపెనీలు ఈ దశలోనే డబ్బు వెనక్కి ఇచ్చేస్తాయి. పార్కు యాప్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) పేరు ఉండాలి, ఆయనకు మెయిల్ పెట్టండి. నియమాల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అది జరగకపోతే కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపండి. తర్వాత వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు. నోటీసు అందాక పార్కు 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వొచ్చు, అంతకు మించి లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మధ్యలో రాజీకి పంపితే వెళ్లండి, నష్టం లేదు.

యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయకండి. బుకింగ్ చరిత్ర, 2:30 నుంచి 6:15కి మారిన నోటిఫికేషన్, బ్యాంకు స్టేట్‌మెంట్, మూసి ఉన్న రైడ్ ముందు తీసిన ఫొటో, కస్టమర్ కేర్‌తో జరిగిన చాట్ అన్నీ ప్రింట్ తీసి, అవి మీ ఫోన్‌లోవేనని భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయండి. డబ్బు మీ ఆయన ఖాతా నుంచి వెళ్లినా మీరు ఫిర్యాదు చేయొచ్చు, సేవ పొందేవాళ్లు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. అయినా ఇద్దరి పేర్లూ పెట్టడం మంచిది.

గడ్చిరోలి కమిషన్ మీకు దాదాపు 200 కిలోమీటర్లు, ఆలాపల్లి మీదుగా ఆ రోడ్డు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఫిర్యాదుతో పాటే వీడియో కాన్ఫరెన్స్ విచారణకు 38వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టండి. సిరొంచలో ఉన్నామని, పిల్లలు చిన్నవాళ్లని కారణాలు రాయండి. కాగితాలు మరాఠీలోనో ఇంగ్లిష్‌లోనో ఇవ్వాలి. మన వైపు చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ కాబట్టి ఊళ్లో చదువుకున్న పెద్ద పిల్లలో, మాస్టారో రాసిపెట్టగలరు. గడువు ఆ రోజు నుంచి రెండేళ్లు. కానీ పార్కులు తమ సిస్టమ్‌లో స్లాట్ల రికార్డు అన్నాళ్లు ఉంచుతాయన్న హామీ లేదు, అందుకే ఆ రోజు రికార్డును చెరిపేయకుండా భద్రపరచాలని నోటీసులో ఒక వాక్యం చేర్చి ఈ వారంలోనే పంపండి.