చర్చి నర్సరీలో పిల్లలు ఇద్దరే ఉన్నప్పుడు కూడా ఇద్దరు పెద్దలు అవసరమా?

అవసరమే, ఆరాధన సమయంలో పసిపిల్లలను చూసుకునే గది అయిన నర్సరీలో ఒక్క పసిబిడ్డే ఉన్నా, ఒకరికొకరు బంధువులు కాని ఇద్దరు పెద్దలు గదిలో ఉండాలి. పసిపిల్లలు తమకేం జరిగిందో మాటల్లో చెప్పలేరు కనుక, ఏ పెద్దవారూ వారితో ఒంటరిగా ఉండే పరిస్థితి రాకుండా చూడటం బిడ్డకు రక్షణ, సేవ చేసేవారికి అకారణ నింద నుంచి భద్రత. భార్యాభర్తలలో ఒకరి తప్పును మరొకరు బయటపెట్టడం కష్టం కాబట్టి, వారిని చాలా చర్చిలు ఈ నియమం కింద ఒక్కరిగానే లెక్కిస్తాయి.

నియమానికి మరో కారణం అత్యవసర పరిస్థితులు. ఉదాహరణకు, ఒకరు బల్ల మీద బిడ్డకు డైపరు మారుస్తుండగా, నేల మీద ఆడుకుంటున్న మరో బిడ్డ చిన్న వస్తువేదో మింగబోతే, మొదటివారు బల్ల దగ్గరి నుంచి కదలలేరు. కదిలితే ఆ బిడ్డ కింద పడవచ్చు.

ఇంతమంది పిల్లలకు ఒకరు అనే నిష్పత్తి సరిపోతే చాలనుకోవడం తరచుగా కనిపించే పొరపాటు. పిల్లల సంఖ్య పెరిగే కొద్దీ ఇంకెందరు పెద్దలు కావాలో ఆ నిష్పత్తి చెబుతుందే తప్ప, ఇద్దరు అనే కనీస సంఖ్యను తగ్గించదు. నేర చరిత్ర తనిఖీ కూడా దీనికి బదులు కాదు, ఎందుకంటే అందులో నమోదైన గతం మాత్రమే కనిపిస్తుంది. సాయానికి వచ్చే పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలను రెండో పెద్దగా లెక్కించకూడదు. ఒక ఆదివారం ఒక్కరే వస్తే, ఆ రోజు నర్సరీ తెరవకుండా పిల్లలను తల్లిదండ్రుల దగ్గరే కూర్చోబెట్టడం మేలు.