బైనరీలో 1 తర్వాత 10 ఎందుకు వస్తుంది?

మీరు డిప్లొమాలో చేరారు, బైనరీ (0, 1 అనే రెండే అంకెలతో సంఖ్యలు రాసే పద్ధతి) పాఠం మొదలైంది, 45ని 101101గా మార్చడం బట్టీ పట్టారు కానీ ఎందుకలా వస్తుందో తెలియడం లేదన్నారు. పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో సాయంత్రాలు పాలిటెక్నిక్ పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. వాళ్ళలో ఎక్కువమంది అడిగేదీ ఇదే.

ముందు ఒక చిన్న జాగ్రత్త. బైనరీలో 10ని 'పది' అని చదవకండి. 'ఒకటి, సున్నా' అనండి. పది అన్నారంటే మనసు పాత లెక్కలోకి వెళ్ళిపోతుంది.

మన గోదావరి జిల్లాల ఇళ్ళలో ధాన్యం, బియ్యం కొలిచిన పాత కొలతలు ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. రెండు గిద్దలు ఒక అరసోల, రెండు అరసోలలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. ప్రతిదీ ముందుదానికి రెట్టింపు. గిద్దల్లో చెప్పాలంటే 1, 2, 4, 8, 16, 32, 64. బైనరీ స్థానాల విలువలు సరిగ్గా ఇవే. (కుంచం దాటితే తూముకు నాలుగు కుంచాలు, పుట్టికి ఇరవై తూములు. అక్కడ రెట్టింపు వరస తప్పుతుంది కాబట్టి కుంచం దగ్గరే ఆగుదాం.)

ఇప్పుడు ఒక్కటే నియమం: ఏ కొలతనైనా ఒక్కసారే వాడాలి. వాడితే 1, వాడకపోతే 0. గిద్ద స్థానం కుడి చివర ఉంటుంది.

ఒక గిద్ద అంటే 1. రెండు గిద్దలు కావాలంటే గిద్దను రెండుసార్లు వాడకూడదు కదా, అరసోల తీస్తాం: 10. మూడుకు అరసోల, గిద్ద: 11. నాలుగుకు సోల ఒక్కటే: 100. అలా 101, 110, 111 దాకా వెళ్తే ఏడు. ఏడుకు ఇంకో గిద్ద కలపండి. రెండు గిద్దలు అరసోల అయ్యాయి, అరసోల ఇప్పటికే ఒకటి ఉంది, రెండూ కలిసి సోల. సోలా ఉంది, రెండూ కలిసి తవ్వ. మిగిలినవన్నీ ఖాళీ: 1000. మామూలు లెక్కలో 999కి ఒకటి కలిపితే జరిగేదీ ఇదే.

ఇక మీ 45. పెద్ద కొలత నుంచి రండి. కుంచం ఎక్కువైపోతుంది. అడ్డ పడుతుంది, 13 మిగిలింది. మానిక పట్టదు. తవ్వ పడుతుంది, 5 మిగిలింది. సోల పడుతుంది, 1 మిగిలింది. అరసోల వద్దు, గిద్ద కావాలి. అడ్డ నుంచి వరసగా రాస్తే 101101.

క్లాసులో చెప్పే రెండుతో భాగించే పద్ధతిలో శేషాలను కింది నుంచి పైకి రాయమంటారు. ఎందుకో చెప్పకుండా వదిలేయడం నాకు నచ్చదు, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. 45 గిద్దలను జతలు కడితే 22 అరసోలలు, ఒక గిద్ద మిగులుతుంది. ఆ మొదటి శేషం గిద్దది, అందుకే కుడి చివరకు వెళ్తుంది. 22 అరసోలలను జతలు కడితే 11 సోలలు, ఏమీ మిగలదు: అరసోల స్థానంలో 0. 11 సోలలకు 5 తవ్వలు, ఒక సోల మిగిలింది. చివరి శేషం అన్నిటికన్నా పెద్ద కొలతది, దాని చోటు ఎడమ చివర. ఈ ముక్క అర్థమైతే పద్ధతి గుర్తుపెట్టుకోవాలనే టెన్షన్ ఉండదు.

కంప్యూటర్‌కు ఈ లెక్క ఎందుకంటారా? సర్క్యూట్‌లో వోల్టేజ్ ఎక్కువగా ఉందా తక్కువగా ఉందా అని రెండు స్థితులను గుర్తించడం తేలిక. పది స్థాయిలను తేడా రాకుండా గుర్తించడం చాలా కష్టం.

ఏడు కొలతలతో 0 నుంచి 127 దాకా 128 సంఖ్యలు వస్తాయి. కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు సంఖ్యలిచ్చే ఆస్కీ పట్టికలో ఉన్నవీ 128 సంకేతాలే. అందులో ఇంగ్లీషు పెద్ద 'ఏ' అక్షరం 65, అంటే కుంచం మీద ఒక గిద్ద: 1000001. ప్రపంచంలోని లిపులకు ఇలాగే సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో తెలుగు లిపికి కేటాయించిన స్థానాలూ 128, 3072 నుంచి 3199 వరకు. మన 'అ' 3077. కుంచం తర్వాత కూడా రెట్టింపు చేసుకుంటూ పోతే 2048, 1024, 4, 1 కలిపితే 3077 వస్తుంది. దాన్ని బైనరీలో మీరే రాసి చూడండి, మొత్తం పన్నెండు అంకెలు రావాలి. వచ్చాక వాటిని కుడి నుంచి నాలుగేసి చొప్పున విడదీసి ఉంచుకోండి, హెక్సాడెసిమల్ (పదహారు అంకెల పద్ధతి) పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.