ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) బోటు ముక్కు ఎగిరెగిరి పడుతుంటే

బ్యాటరీ ముందుకు జరిపినా ముక్కు గెంతడం ఆగలేదంటే, తేడా బరువులో కాదు, చాలావరకు అడుగుభాగంలోనే ఉంటుంది. తేలికైన హల్ (బోటు బాడీ) కదా, పల్చటి అడుగు సులువుగా వంపు తిరుగుతుంది.

1. బోటు బోర్లించి, వెనక అంచు నుంచి ముందుకు 15 సెం.మీ. మేర స్టీలు స్కేలు నిలబెట్టి ఆనించండి. అవతలి వైపు నుంచి టార్చి వేయండి. చాలామంది ఇది వదిలేసి మోటారు మారుస్తూ కూర్చుంటారు. నేనూ మూడు ప్రొపెల్లర్లు మార్చాకే స్కేలు తీశాను. స్కేలు మధ్యలో ఆని, రెండు చివర్ల కింద వెలుతురు కనిపిస్తే అడుగు ఉబ్బినట్టే. ముక్కును లేపేది అదే.

2. పల్లంగా ఉన్నచోట ఫిల్లర్ పొడి కలిపిన ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పూసి, ఆరాక చెక్క దిమ్మకు చుట్టిన శాండ్ పేపర్‌తో చదును చేయండి. వెనక అంచు గుండ్రంగా అరగనివ్వొద్దు, పదునుగానే ఉండాలి.

3. స్ట్రట్‌ను (ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను వెనక పట్టి ఉంచే బ్రాకెట్‌ను) అడుగుకు సమాంతరంగా పెట్టండి. దాని తోక పైకి లేచి ఉంటే ప్రొపెల్లర్ వెనక భాగాన్ని కిందికి నొక్కేస్తుంది.

4. బరువు ఆఖర్న. మోనో హల్ (ఒకే బాడీ ఉన్న బోటు) అయితే వెనక అంచు నుంచి పొడవులో సుమారు 30 శాతం దగ్గర తూగాలి.

ఒక్కోసారి ఒక్కటే మార్చి నీళ్లలో వేసి చూడండి.