చేమంతి రేటు పక్కన 22:11 ఏంటండీ?

ప్రశ్న: నమస్తే అండి, మాది కడియపులంక. మా బాబాయికి పూల మార్కెట్లో కొట్టుంది, తెల్లారగట్ల చేమంతి, బంతి, లిల్లీ రేట్లు ఫోన్లోంచి ఎక్కిస్తే జనం చూసుకునేలా జాంగోలో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) చిన్న సైట్ చేశాను. సరిగ్గా కార్తీకమాసం గిరాకీలో గొడవ మొదలైంది. 18న తెల్లారగట్ల నాలుగింటికి ఎక్కించిన రేటు పక్కన 17/11, 22:11 అని పడుతుంది, నాలుగూ ఇరవైకి ఎక్కించినా అదే 22:11. నిన్నటి రేటు పెట్టావేంట్రా అని బాబాయి ఒకటే అరుపులు. డిసెంబరొచ్చాక 22:12 అయి కూర్చుంది. ఫోన్ టైము కరెక్టే అండి.

జవాబు: డిసెంబరులో 12 అయిందని మీరే రాశారు చూడండి, దొంగ అక్కడే దొరికేశాడు. అది నిమిషాలు కాదండి, నెల! టెంప్లేట్లో, అంటే పేజీ ఎలా కనపడాలో రాసే ఫైల్లో, తారీకు-టైము ఏ రూపంలో చూపాలో చెప్పే డేట్ ఫిల్టర్‌కి కేపిటల్ హెచ్, కోలన్, చిన్న ఎమ్ ఇచ్చుంటారు. జాంగో టెంప్లేట్లో చిన్న ఎమ్ అంటే నెల నంబరు, నిమిషాలకి చిన్న ఐ పెట్టాలి. పైథాన్‌లో టైముని అక్షరాల్లోకి మార్చే స్ట్రాఫ్‌టైమ్‌లో కేపిటల్ ఎమ్ నిమిషాలే కదా అని ఇక్కడా అదే పెట్టేయకండి, పెడితే నిమిషాల చోట నెల పేరే పొట్టిగా వస్తుంది. ఎవడు పెట్టాడో గానీ ఈ అక్షరాలు, నేనూ ఒకసారి సగం రోజు తగలేసుకున్నాను.

ఇక 22 సంగతి. మీ సైటు టైముని యూటీసీలో, అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే ప్రామాణిక టైములో చూపిస్తోంది. మన టైము దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది, నాలుగింట్లోంచి ఐదున్నర తీస్తే ముందురోజు రాత్రి పదిన్నర, అంటే 22:30, అందుకే తారీకు కూడా వెనక్కెళ్లింది. పొద్దున్న ఐదున్నర దాటాక ఎక్కించి చూడండి, తారీకు సరిగ్గానే ఉంటుంది, గంటే తప్పుతుంది. కొత్త ప్రాజెక్ట్ మొదలెట్టగానే సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ యూటీసీ అని వస్తుంది, దాన్ని ఏషియా/కోల్‌కతా చేసి సర్వర్ రీస్టార్ట్ చేయండి. అదే సెట్టింగ్స్‌లో యూజ్ టీజెడ్ (టైమ్ జోన్లు లెక్కలోకి తీసుకోవాలా అనేది) ట్రూ అనే ఉంటే పాత రేట్లు మళ్లీ ఎక్కించక్కర్లేదు, డేటాబేస్‌లో ఉన్నది కరెక్టే, చూపించడమే తేడా. 5:30 కలపడం మాత్రం కోడ్‌లో చేత్తో రాయకండి బాబూ, తర్వాత సెట్టింగ్ మార్చినప్పుడు రెండుసార్లు కలిసిపోద్ది.

ఇంకోటి, రేటు పక్కన టైముకి టెంప్లేట్లో నౌ ట్యాగ్ వాడొద్దు. అది పేజీ తెరిచిన టైము చూపిస్తుంది, మొన్నటి బంతి రేటు కూడా ఇప్పుడే పెట్టినట్టు ఉంటుంది, అప్పుడు అరిచేది బాబాయి ఒక్కడే కాదు, కొనడానికొచ్చినోళ్లందరూ.