ఉగాదికి పడవ దించొచ్చా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు
మార్చి 2021, చివరి వారం

ప్రశ్న: మాది తాడేపల్లి పక్కన సీతానగరం. నేను, మా పెదనాన్నగారి అబ్బాయి, ఇంకో స్నేహితుడు కలిసి 24 అడుగుల ఫైబర్ బోటు చేయిస్తున్నాం. వేటకి, ఇంకా లంక పొలాలకి రైతుల్నీ ఎరువు బస్తాల్నీ దాటించడానికి. పోయినేడు ఇదే టైముకి అడ్వాన్స్ ఇచ్చాం, లాక్‌డౌన్ పడి యార్డు మూతపడింది. ఇప్పుడు కాకినాడ దగ్గర తాళ్లరేవులో పని దాదాపు పూర్తయింది. శుక్రమూఢం నడుస్తున్నా ఉగాది అయితే అభ్యంతరం లేదని మా పంతులుగారు అన్నారు. ఇంజను బిగించి మొదటిసారి స్టార్ట్ చేయడానికి చెన్నై నుంచి కంపెనీ మెకానిక్ రావాలి, లేకపోతే వారంటీ ఉండదట. న్యూజెర్సీ నుంచి మా అన్నయ్య, హైదరాబాద్ నుంచి మేనత్తవాళ్లు వస్తామంటున్నారు. మహారాష్ట్రలో కరోనా కేసులు పెరుగుతున్నాయి, మళ్లీ బోర్డర్లు మూసేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. ఏప్రిల్ 13 పెట్టుకోమంటారా, ఆగమంటారా?

జవాబు: పెట్టుకోండి. కాకపోతే మీ ఉత్తరం మొత్తం పడవ ఎప్పుడొస్తుందన్న దాని చుట్టూ తిరుగుతోంది. నాకైతే పడవ గురించి అంత బెంగ లేదు. పోయినేడు మార్చి 24న లాక్‌డౌన్ ప్రకటించాక నాలుగైదు రోజులకే కేంద్రం నిత్యావసరాలు, మిగతావి అన్న తేడా తీసేసి అన్ని రకాల సరుకు రవాణాకీ దారి ఇచ్చింది. ఏప్రిల్ 15 నాటి మార్గదర్శకాల్లో లారీకి ఇద్దరు డ్రైవర్లు, ఒక హెల్పర్ ఉండొచ్చని స్పష్టంగా రాసింది. అంటే అంత గట్టి కట్టడిలో కూడా సరుకు కదిలింది. ఆగిపోయింది మనుషులు. మార్చి చివరి వారంలో హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ చేసి బయల్దేరిన పిల్లలు గుర్తున్నారా, అక్కడి పోలీసులిచ్చిన అనుమతి కాగితం చేతిలో పెట్టుకుని కూడా తెలంగాణ, ఆంధ్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర రోడ్డు మీదే ఉండిపోయారు. ఒక రాష్ట్రం ఇచ్చిన కాగితం ఇంకో రాష్ట్రం గేటు దగ్గర చెల్లకపోవచ్చని అప్పుడే తెలిసింది. కాబట్టి మీ పడవ నీళ్లలోకి దిగే రోజున రాష్ట్రం దాటి రావాల్సిన మనిషి ఒక్కరు కూడా అవసరం లేకుండా చూసుకోండి. వచ్చినవాళ్లు వస్తారు, రాకపోయినా పని ఆగకూడదు.

ఈ రోజుకైతే పరిస్థితి బాగానే ఉంది. మొన్న మార్చి 23న కేంద్ర హోంశాఖ ఇచ్చిన ఉత్తర్వు ఏప్రిల్ 1 నుంచి 30 దాకా వర్తిస్తుంది, అందులో రాష్ట్రాల మధ్య మనుషుల రాకపోకలకి గానీ సరుకుకి గానీ ఆంక్ష లేదు, ప్రత్యేక అనుమతి అక్కర్లేదు అని ఉంది. ఉగాది ఆ నెలలోనే వచ్చింది. అయితే జిల్లా, పట్టణం, వార్డు స్థాయిలో స్థానికంగా ఆంక్షలు పెట్టుకునే వీలు మాత్రం రాష్ట్రాలకి ఇచ్చారు. తమిళనాడు ఇప్పటికే బయటి రాష్ట్రాలవాళ్లకి ఈ-పాస్, అంటే ఆన్‌లైన్లో తీసుకునే ప్రయాణ అనుమతి, తప్పనిసరి చేసింది, ఆంధ్ర, కర్ణాటక, పుదుచ్చేరిలకి మినహాయింపు ఉంది కాబట్టి మీ మెకానిక్ వచ్చి తిరిగి వెళ్లడానికి ప్రస్తుతం అడ్డు లేదు. మినహాయింపు ఎన్నాళ్లుంటుందన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు, అందుకే ఆయన్ని ఉగాది దాకా ఆపకండి. ఈ వారమే పిలిపించండి, అది కూడా సీతానగరానికి కాదు, తాళ్లరేవు యార్డుకే. ఆయన రాలేనంటే కాకినాడలోనో విశాఖలోనో ఉన్న మెకానిక్ చేత చేయించడానికి డీలర్ ఒప్పుకుంటున్నట్టు వారంటీ షరతుతో సహా రాతపూర్వకంగా తీసుకోండి, ఫోన్లో సరే అన్న మాట రేపు క్లెయిమ్ దగ్గర పనికిరాదు.

యార్డులో ఇంజను ఎలా చూస్తారని మీకు సందేహం రావచ్చు. పెద్ద ఇనుప డ్రమ్ము పైభాగం కోయించి నిండా నీళ్లు పోసి, ఇంజను కాలు, అంటే ప్రొపెల్లర్ ఉండే కింది భాగం, బాగా మునిగేలా అంచుకి బిగించి స్టార్ట్ చేస్తారు. పక్కనున్న చిన్న రంధ్రం నుంచి నీళ్లు సన్నటి ధారగా బయటికి చిమ్మాలి. ఆ ధార వస్తేనే లోపలి పంపు ఇంజనుని చల్లబరుస్తున్నట్టు లెక్క, రాకపోతే వెంటనే ఆపేయాలి. నీళ్లు లేకుండా ఊరికే ఒకసారి చూద్దామని తిప్పితే పంపు లోపలి రబ్బరు చక్రం కాసేపటికే కాలిపోతుంది, దయచేసి ఎవర్నీ ఆ పని చేయనివ్వొద్దు. మీది పెట్రోల్లో ఆయిల్ కలిపే టూ స్ట్రోక్ ఇంజనైతే మొదటి పది గంటలు ఆయిల్ పాలు మామూలు కన్నా ఎక్కువ ఉండాలి, ఎంతన్నది మాన్యువల్ చూసి మెకానిక్ చేత పెయింటుతో ట్యాంకు మీదే రాయించుకోండి. ఈ పనంతా మీ ముగ్గురిలో ఒకరు దగ్గరుండి నేర్చుకుని, మొబైల్లో వీడియో తీసుకుంటే తర్వాత చెన్నై మెకానిక్ రాకపోయినా మీ చేతులు కట్టేసినట్టు ఉండదు.

ఇక దారి. తాళ్లరేవు నుంచి 216వ నంబరు రహదారి మీద అమలాపురం వైపు వస్తే దగ్గరనిపిస్తుంది గానీ మధ్యలో యానాం తగులుతుంది. యానాం పుదుచ్చేరి కిందికొస్తుంది, పోయినేడు ఏప్రిల్లో సరిహద్దులు ఎంత గట్టిగా మూశారో గోదావరి జిల్లాలవాళ్లకి తెలుసు. ఇప్పుడు ఏప్రిల్ 6న అక్కడ అసెంబ్లీ ఎన్నికలు కూడా, తనిఖీలు ఎక్కువుంటాయి. ఎందుకొచ్చిన గొడవ, వెనక్కి కాకినాడ వచ్చి రామచంద్రపురం మీదుగా రావులపాలెం దగ్గర 16వ నంబరు హైవే ఎక్కేయమనండి, తణుకు, ఏలూరు మీదుగా మన రాష్ట్రం దాటకుండానే వచ్చేస్తుంది. యార్డు బిల్లు, ఇంజను బిల్లు, వే బిల్లు మూడూ డ్రైవర్ దగ్గరుండాలి. ఇంకో సంగతి, ప్రకాశం బ్యారేజీ మీదికి లారీల్ని రానివ్వరు, కొత్త డ్రైవరైతే మ్యాప్ చూసుకుని నేరుగా అక్కడికే పోతాడు. కనకదుర్గ వారధి దాటి తాడేపల్లి వైపు నుంచి రమ్మని ముందే చెప్పండి. లారీ మీంచి దించేటప్పుడు గొలుసులు వాడకండి, ఫైబర్ అంచు చిట్లుతుంది, వెడల్పు బెల్టులు వేసి జేసీబీతో దించండి. జేసీబీ ఉంటే తోయడానికి ఊరందర్నీ పిలవాల్సిన పనీ ఉండదు.

మీ అన్నయ్య విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తున్నాయి కాబట్టి. మామూలు అంతర్జాతీయ విమానాల నిలిపివేత ఏప్రిల్ 30 దాకా పొడిగించారు. విదేశాల్లోని మనవాళ్లని తెచ్చే వందే భారత్ విమానాలు, రెండు దేశాల ఒప్పందంతో నడిచే ఎయిర్ బబుల్ విమానాలు మాత్రం ఉన్నాయి. బయల్దేరే ముందు 72 గంటల్లోపు చేయించిన ఆర్టీపీసీఆర్ నెగెటివ్ రిపోర్టు ఎయిర్ సువిధ వెబ్‌సైట్లో పెట్టాలి, ఇక్కడికొచ్చాక 14 రోజులు ఆరోగ్యం గమనించుకుంటూ ఉండాలి. ఆ లెక్కన ఉగాదికి నలుగురిలో తిరగాలంటే ఆయన మార్చి నెలాఖరుకే ఇంట్లో ఉండాలి. తిరిగి వెళ్లేటప్పుడు విమానానికి ముందు 3 రోజుల్లోపు పరీక్ష లేనిదే అమెరికా ఎక్కనివ్వదు. ఇక్కడ కరోనా తగిలితే ప్రయాణం ఆగిపోతుంది, సెలవు కరిగిపోతుంది. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు అయిపోయి ఉంటే మాత్రం అస్సలు కదలొద్దని గట్టిగా చెప్పండి, ఇప్పుడు కాన్సులేట్ అపాయింట్‌మెంట్ దొరకడం మాటలు కాదు. పడవలో ఆయన డబ్బు కూడా ఉంటే చూడాలని మనసు లాగుతుంది, ఆ బాధ నాకు అర్థమవుతుంది. కొబ్బరికాయ కొట్టేటప్పుడు వీడియో కాల్ పెట్టండి. కార్తీకంలో వస్తే కృష్ణ నిండుగా ఉంటుంది, అప్పుడు ఆయన చేతే నడిపించండి.

మేనత్తవాళ్లకి ఈ-పాస్ బెడద లేదు, ఆర్టీసీ బస్సులు పోయిన నవంబర్ నుంచి తిరుగుతూనే ఉన్నాయి. రావాలనుకుంటే రావచ్చు, పెద్దవయసువాళ్లయితే నేను మాత్రం వద్దనే అంటాను. గంగమ్మ పూజకి మీ మూడు కుటుంబాలు, పంతులుగారు, పడవ నడిపే సరంగు చాలు. భోజనాలు ఇంకోసారి పెట్టుకోవచ్చు. ఏప్రిల్ 1 నుంచి 45 ఏళ్లు దాటిన అందరికీ టీకా ఇస్తున్నారు, సరంగుకి ఆ వయసుంటే ముందే వేయించండి. టీకా తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు కాబట్టి పడవ దించే ముందురోజు మాత్రం పెట్టుకోవద్దు.

ఉగాది తప్పితే ఎప్పుడు అంటారేమో. మే నెలాఖరులోపు ఇంకో రోజు ఇప్పుడే అనుకుని పెట్టుకోండి. వేసవిలో కాలవలు కట్టేశాక బ్యారేజీ పైన నీటి మట్టం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, ఒడ్డున బురద బయటపడే చోట్లు ఉంటాయి. కాబట్టి ముందురోజు గడ వేసి లోతు చూసుకోండి. మే కూడా దాటిపోయిందంటే తొందరపడొద్దు. జులై చివరి నుంచి పైనుంచి వరద ఎప్పుడు దిగుతుందో చెప్పలేం, 2019 ఆగస్టులో భవానీ ద్వీపం మునిగింది, వరదలో కొట్టుకొచ్చిన పడవ ఒకటి బ్యారేజీ గేటులో ఇరుక్కుని దాన్ని తీయడానికి నానా తంటాలు పడ్డారు. పోయినేడు అక్టోబర్లో కూడా పెద్ద వరదే వచ్చింది. కొత్త పడవ, కొత్త చేతులు, ఆ ప్రవాహం, మూడూ కలవకూడదు. ఫైబర్ పడవ ఒడ్డున ఆర్నెల్లున్నా చెడదు, ఎండ నేరుగా తగలకుండా కప్పి ఉంచితే చాలు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. లంకలకి రైతుల్ని దాటిస్తామన్నారు. డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకుంటే రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్ తనిఖీ, లైసెన్సున్న సరంగు ఉండాల్సిందే. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు, మీ ఊరికి ఎగువన ఇదే కృష్ణలో. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగింది. ఆ తర్వాత నిబంధనలు బిగించారు, బిగించడమే న్యాయం. మళ్లీ కట్టడి వస్తే ఆఫీసుల్లో సగం సిబ్బందే ఉంటారు, కాబట్టి పడవ వచ్చాక చూద్దామనుకోకుండా దరఖాస్తు ఇవాళే పెట్టండి. కాగితాలు చేతికొచ్చేదాకా వలలు, బస్తాలు వేసుకోండి, మనుషుల్ని వద్దు. లైఫ్ జాకెట్లు పడవలో ఎన్ని సీట్లుంటే అన్ని, పిల్లల సైజువి కూడా కొనండి.

ప్రశ్న: గుంటూరులో ఉంటాను. నిజాంపట్నంలో మా బావగారితో కలిసి సముద్రం బోటు మీద పెట్టుబడి పెట్టాను. ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం. పోయినేడు కరోనా అని గడువు తగ్గించారు కదా, ఈసారి కూడా తగ్గిస్తారనుకుని జూన్ 1కి ఐసు, డీజిల్, కూలీలు మాట్లాడుకోవచ్చా?

జవాబు: వద్దండీ. తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టింది. పోయినేడు లాక్‌డౌన్లో అంతకుముందే వేట ఆగిపోయింది కాబట్టి కేంద్రం మే 31కి కుదించింది. ఈసారి మార్చి అంతా వేట నడిచింది, అలాంటి సడలింపు మీద డబ్బు పెట్టొద్దు. జూన్ 15 అనుకునే మాట్లాడుకోండి. ఈ రెండు నెలలూ ఇంజను, వలలు బాగుచేయించుకోండి, విడిభాగాలు విశాఖ, చెన్నై నుంచి రావాల్సినవేమైనా ఉంటే ఏప్రిల్ మొదటి వారంలోనే తెప్పించేయండి. బయటి జిల్లాల కూలీలైతే ఎక్కడున్నారో ఇప్పుడే కనుక్కోండి, పోయినేడు ఉత్తరాంధ్ర మత్స్యకారులు వేల మంది గుజరాత్‌లోని వేరావల్ దగ్గర చిక్కుకుపోతే బస్సులు పెట్టి తీసుకురావాల్సి వచ్చింది.

ప్రశ్న: కృష్ణలంక నుంచి రాస్తున్నాను. మా తాతగారి కాలం నాటి చెక్క పడవ పోయిన మార్చి నుంచి గట్టు మీదే బోర్లించి ఉంది. పైకి బాగానే కనిపిస్తోంది. దించేయొచ్చా?

జవాబు: ఏడాది పాటు ఎండిన చెక్క లోపలికి కుంచించుకుపోయి బల్లల సందులు విచ్చుకుంటాయి. బోర్లించి ఉన్నప్పుడే కిందికి దూరి చూడండి, వెలుతురు గీతల్లా లోపలికి పడితే అవే సందులు. వదులైన మేకులు, పుచ్చిన బల్లలు ముందు మార్పించి, సందుల్లో నూలు కూరించి, గుగ్గిలం పూయించండి. తర్వాత ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో తాడుతో కట్టి, కాస్త నీళ్లు లోపల కూడా పోసి, చెక్క ఉబ్బేదాకా కొన్నాళ్లు వదిలేయండి. రోజూ పొద్దున నీళ్లు తోడి, మర్నాటికి ఎంత ఊరిందో చూసుకోండి. ఊట ఆగాకే ఎక్కండి.