టామహాక్ చౌకదా, ఖరీదైనదా? ఈఎంఐ మాత్రం వద్దు

ప్రశ్న: సార్, మాది హన్మకొండ. వయసు 27. ప్రైవేటు ఉద్యోగం, చేతికి 32 వేలు వస్తాయి. బైక్ ఈఎంఐ 4,200, లక్ష రూపాయల చిట్టికి నెలకు 5 వేలు, ఇంట్లో 10 వేలు ఇస్తాను. బ్యాంకులో 38 వేలున్నాయి. నాన్నకు షుగర్, హెల్త్ ఇన్సూరెన్స్ ఇంకా తీసుకోలేదు. దోస్తులతో కలిసి ఏడాదికి మూడుసార్లు లక్నవరం, బొగత, తాడ్వాయి వైపు క్యాంపింగ్‌కి పోతాం. ఒక ట్యాక్టికల్ టామహాక్, అంటే సైనికుల వాడకం కోసం చేసే రకం చిన్న గొడ్డలి, కొనాలని ఉంది. ఎస్ఓజీ కంపెనీ వాళ్లది 5 వేలకు దొరుకుతోంది. ఆర్ఎంజే కంపెనీ వాళ్లది అమెరికా నుంచి తెప్పిస్తే అన్నీ కలిపి 42 వేలు. ‘మంచిది ఒక్కసారి కొంటే జిందగీ అంతా ఉంటది’ అంటున్నాడు మా దోస్తు. క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐ పెట్టాలా, చిట్టి పాడాలా?

జవాబు: ఈఎంఐ వద్దు, చిట్టి పాడటం అంతకన్నా వద్దు. 42 వేల దాన్ని మర్చిపోండి. 5 వేలది కూడా, కింద రాసింది చదివాకే ఆలోచించండి.

మీ దోస్తు మాట కొన్నింటికి నిజమే. రోజూ వేసుకునే బూట్లు, బావి దగ్గర మోటారు, అమ్మ వాడే కుక్కర్ లాంటివి చౌకవి కొని రెండేళ్లకోసారి మార్చే బదులు ఒక్కసారి మంచివి కొంటే డబ్బు మిగులుతుంది. అవి రోజూ పని చేస్తాయి కాబట్టి. మీ టామహాక్ ఏడాదికి మూడుసార్లు సంచిలోంచి బయటికి వస్తుంది. పదేళ్లకు ముప్పై సార్లు. ఈఎంఐతో కలిపి ఖరీదైనది సుమారు 46,600 అవుతుంది. అంటే ఒక్కో ట్రిప్పుకి 1,550 రూపాయలు. చౌకది పదేళ్లలో మూడు విరగ్గొట్టినా 15 వేలు, ట్రిప్పుకి 500.

ఆ 46,600 ఎలా వచ్చిందంటే: 42 వేలకు 16 శాతం వడ్డీ వేస్తే 12 నెలలకు నెలకు 3,811 చొప్పున 45,728. వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 670. ప్రాసెసింగ్ ఫీజు 200 దాకా, దాని మీద మళ్లీ జీఎస్టీ. విదేశీ సైటులో డాలర్లలో కడితే కార్డు బ్యాంకు వేసే మార్కప్, అంటే అదనపు చార్జీ, ఇందులో లేదు. అది చాలా కార్డులకు 2 నుంచి 3.5 శాతం.

ఎక్కువ పెట్టే డబ్బుకు ఏం వస్తుందో కూడా చూద్దాం. టామహాక్ అసలు ఉత్తర అమెరికా ఆదివాసులది. ఇప్పుడు ట్యాక్టికల్ పేరుతో అమ్మేవాటిలో చాలావాటికి మూలం 1966లో పీటర్ లగానా అనే ఆయన వియత్నాం యుద్ధానికి వెళ్లే సైనికుల కోసం చేసిన నమూనా. ఎస్ఓజీ వాళ్లదీ ఆ వంశమే. దాని తల 420 రకం స్టెయిన్‌లెస్. తుప్పు తొందరగా పట్టదు, పదును మాత్రం తొందరగా పోతుంది. తలను నైలాన్ కామకు బోల్టులతో బిగిస్తారు, కొట్టగా కొట్టగా ఆ బోల్టులు వదులవుతాయి. ఖరీదైనది తల నుంచి కామ చివరి దాకా ఒకే ఉక్కు పలక, 80సీఆర్‌వీ2 రకం, పదునూ దృఢత్వమూ రెండూ ఉన్న కార్బన్ ఉక్కు. వెనక ముల్లుతో తాళం పగలగొట్టొచ్చు, తలుపు పెకలించొచ్చు, బండి అద్దం కొట్టి మనిషిని బయటికి లాగొచ్చు. ఆ పని ఉద్యోగంగా చేసే సైనికుడికి, ఫైర్‌మన్‌కి అది సరైన ఖర్చే. మీరు కొట్టేది పొయ్యిలోకి నాలుగు ఎండు కట్టెలు. నిజానికి తుమ్మ మొద్దు మీద మామూలు గొడ్డలి చేసినంత పని ఈ రెండింటిలో ఏదీ చేయదు. తల తేలిక, అంచు చిన్నది. పైగా ఉక్కు కామైతే ప్రతి దెబ్బ అదురు మోచేతి దాకా వస్తుంది.

మీ ఉత్తరంలో లేని విషయం ఒకటుంది, డబ్బు పరంగా అదే అన్నిటికన్నా పెద్దది. ఆయుధ నిబంధనలు, 2016లో లైసెన్సు జాబితాలో కత్తులు, బల్లేలతో పాటు యుద్ధపు గొడ్డళ్లూ ఉన్నాయి. 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడు ఉండి, ఇంటికో సేద్యానికో పరిశ్రమకో చేసింది కాకపోతే ఆ లెక్కలోకి వస్తుంది. గొర్ల కాపరి భుజాన ఉన్న గొడ్డలికి ఈ బాధ లేనిది అందుకే. ‘ట్యాక్టికల్’ అని డబ్బా మీద రాసి ఉన్నదాన్ని కట్టెలు కొట్టడానికే అంటే కస్టమ్స్ అధికారి నమ్మాలని ఎక్కడా లేదు. ఆయుధాల దిగుమతికి ఆయుధ చట్టం, 1959లోని 10వ సెక్షన్ కింద లైసెన్సు కావాలి. పార్సిల్ అక్కడే ఆగిపోయిందనుకోండి, వస్తువు రాదు, ఈఎంఐ మాత్రం ప్రతి నెలా కట్ అవుతూనే ఉంటుంది. ‘కస్టమ్స్ పూచీ కొనేవాడిదే’ అని చాలా విదేశీ సైట్లు ముందే రాసి పెడతాయి.

ఇక తాడ్వాయి వైపు. అక్కడ చాలా భాగం ఏటూరునాగారం అభయారణ్యం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్లకూడదు. ఆ చట్టం ఆయుధం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో చాకు కూడా ఉంది. చెక్‌పోస్టు దగ్గర బైక్ మీద కట్టిన టామహాక్ కనిపిస్తే ఫారెస్ట్ వాళ్లతో మాట్లాడేది మీరే, మీ దోస్తు కాదు. అభయారణ్యంలో కట్టెలు కొట్టడం వేరే నేరం. చిన్న గ్యాస్ స్టవ్ కొనండి, వంటకు కట్టెల గొడవే ఉండదు.

అయినా చేతిలో ఒక మంచి గొడ్డలి ఉండాలన్న మోజు తీరకపోతే ఊళ్లో కమ్మరి కొలిమికి పోయి అడగండి. లారీ కమాన్ కట్ట ముక్కతో తల కొట్టిస్తే, చిరుమాను కర్రతో కామ వేసిస్తాడు. విరిగితే కామ ఒక్కటే మార్చుకోవచ్చు. చౌక టామహాక్ కన్నా తక్కువలోనే పని అయిపోతుంది, పొలం దగ్గరా పనికొస్తుంది. అమెరికా ఉక్కు అని మోజు పడేవాళ్లకు ఒక మాట: నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కరిగించిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చి కూర్చునేవాళ్లు.

చిట్టి సంగతి. లక్ష చిట్టిని తొలి నెలల్లో 25 వేలు వదులుకుని పాడితే చేతికి 75 వేలే వస్తుంది. మిగతా నెలలన్నీ కంతులు కట్టాల్సిందే. అంటే 42 వేల సరుకు కోసం 25 వేలు పోగొట్టుకోవడం. చివరి దాకా ఉండండి.

మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది నాన్నగారి గురించి రాసిన ఆ ఒక్క వాక్యం. షుగర్ లాంటి ముందే ఉన్న జబ్బులకు పాలసీలు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వరు. పాలసీ తీసుకున్న రోజు నుంచే ఆ మూడేళ్లు లెక్క మొదలవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. ఈఎంఐకి సిద్ధపడ్డారంటే నెలకు 3,800 పక్కన పెట్టగలరన్నమాట. ఈ వారంలోనే రెండు మూడు కంపెనీల నుంచి కోట్ తీసుకోండి. షుగర్ ఉందని ఫారంలో కచ్చితంగా రాయండి, దాచితే రేపు క్లెయిమ్ తిరగ్గొడతారు. ప్రీమియం పోగా మిగిలింది రికరింగ్ డిపాజిట్‌లో వేస్తూ, ఆ 38 వేలను ముందు లక్ష చేయండి.