చెప్పే ముందు కుండీ చూడండి

ప్రశ్న: నమస్కారం మేడమ్. అయిదేళ్లుగా మిద్దె మీద ఆకుకూరలు, కూరగాయలు పండిస్తున్నాను. నన్ను చూసి మా వీధిలో నాలుగిళ్ల వాళ్లు మొక్కలు పెట్టుకున్నారు. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు అక్కడ ‘మాస్టర్ గార్డెనర్’ శిక్షణ తీసుకుని, సెలవు రోజుల్లో ఊరివాళ్లకు ఉచితంగా తోటపని నేర్పుతోంది. నాకూ అలా చేయాలని ఉంది. నేను చదివింది బి.కాం. ఇలాంటి శిక్షణ మన దగ్గర ఉందా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: అమ్మా, మీ ఆడపడుచు చేస్తున్న పని 1973లో వాషింగ్టన్ రాష్ట్రంలో మొదలైంది. సియాటిల్ చుట్టుపక్కల పెరటి మొక్కల గురించి అడిగేవాళ్లు ఎక్కువై, అక్కడి విశ్వవిద్యాలయం తరఫున సలహాలిచ్చే కొద్దిమంది అందరికీ జవాబు చెప్పలేకపోయారు. అప్పుడు ఆసక్తి ఉన్న మామూలు మనుషులకే పాఠాలు చెప్పి, బదులుగా ఇన్ని గంటలు ఊరికి నేర్పాలని మాట తీసుకున్నారు. నాకు నచ్చింది ఆ మాట తీసుకోవడమే. మీరూ ముందే అనుకోండి, వారానికి రెండు గంటలని. ఆ రెండు గంటలకు డబ్బు తీసుకోకండి, అక్కడ నారు అమ్మకండి.

మన దగ్గర అదే పేరుతో ధ్రువపత్రం కోసం వెతుకుతూ కూర్చోవద్దు. నేర్పే చోట్లు ఉన్నాయి. మీకు రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం దగ్గర, కల్యాణదుర్గంలో ఇంకొకటి ఉంది. కడప వాళ్లకు ఊటుకూరు, కర్నూలు వాళ్లకు బనవాసి. అవి రైతులకే అనుకుని మనం గడప తొక్కం గానీ, పెరటి తోటల మీద మహిళలకు శిక్షణ ఇవ్వడమూ వాళ్ల పనే. వట్టి చేతులతో వెళ్లకండి. తెగులు సోకిన ఆకు ఒకటి, మీ కుండీ మట్టి కొంచెం పట్టుకెళ్లండి.

రెండోది ప్రకృతి వ్యవసాయం చేస్తున్న పల్లె. 2016 నుంచి రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో, తాము పండించి చూసిన రైతులే తోటి రైతులకు నేర్పుతారు. వాళ్లు మట్టికి బలమిచ్చే ద్రవ జీవామృతం కలిపే రోజున వెళ్లి పక్కన నిలబడండి. వాళ్లది 200 లీటర్ల డ్రమ్ము. మిద్దె తోటకు 20 లీటర్లు చాలు: కిలో ఆవుపేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, అంతే శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో రెండు రోజులు ఉంచి, పొద్దునా సాయంత్రం కలియబెట్టాలి. ఈ కొలతలు ఎవరైనా చెబుతారు. చేలో నాలుగు సాళ్లు నడిచి చూశాకే ఆ రైతు నోరు విప్పడం గమనించండి. నాకు ఆ అలవాటు ఆలస్యంగా అబ్బింది.

నేను బడిలో జీవశాస్త్రం చెప్పినదాన్ని. మిద్దె తోటల గురించి చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో ఒక ఇల్లాలు ఫోను చేసి, నిమ్మ మొక్క ఆకులు పాడవుతున్నాయని చెప్పింది. బలం చాలలేదని, వేరుశనగ చెక్క నానబెట్టి పోయమన్నాను. రెండు వారాలకు ఆకులు ఇంకా రాలిపోయాయి. అప్పుడు వెళ్లి చూశాను. ఆకు మధ్యలో పచ్చగానే ఉంది. కొసలు మాత్రం నిప్పు సోకినట్టు గోధుమరంగుకు తిరిగాయి. కుండీ అంచున తెల్లటి పొర. వేలితో గీకి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు. ఏడాదిగా బోరు నీళ్లే పోస్తోంది, కుండీ అడుగు రంధ్రం మట్టితో పూడిపోయింది, ఉప్పంతా లోపలే పేరుకుంది. దాని మీద నేను చెక్క నీళ్లు పోయించాను. రంధ్రం తెరిచి, మంచి నీళ్లు అడుగునుంచి ధారగా కారేదాకా మూడుసార్లు పోశాం. మొక్క బతికింది. ఆ రోజు నుంచి చూడకుండా మందు చెప్పడం మానేశాను.

కాబట్టి మీరు నేర్చుకోవలసిన మొదటి పాఠం అడగడం. ఏ నీళ్లు, రోజుకు ఎన్ని చెంబులు, ఎండ ఎన్ని గంటలు, కుండీ కింద పళ్లెం ఉందా? పసుపు రంగు అడుగు ఆకుల్లో మొదలైందా, చిగురులోనా? ముదురు ఆకులు మొత్తంగా పాలిపోతే నత్రజని లోటు కావచ్చు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే ఇనుము అందడం లేదేమో చూడాలి. రెండింటికీ ఒకే మందు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, మీరు ఆ జాబితాలో చేరవద్దు. తెలియకపోతే ‘రేపు వచ్చి చూస్తాను’ అనండి, అన్నాక వెళ్లండి.

ఈలోగా ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ విత్తనం ఏ రోజు వేశారు, ఎన్నాళ్లకు మొలిచింది, ఏ నెలలో ఏ పురుగు వచ్చింది అని ఏడాది పాటు రాయండి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మన జిల్లాలో కోస్తా వాళ్లు చెప్పిన తేదీలు కుదరవు. మీ పుస్తకమే మీ వీధికి పనికొస్తుంది.

మొదటి తరగతికి నలుగురు చాలు. మార్చిలో మొదలుపెట్టించకండి, ఎండకు మొక్క పోతే మనిషి మళ్లీ రాడు. వానలు పడ్డాక తోటకూరతో మొదలుపెట్టండి, నెల తిరిగేలోగా కూర వండుకుంటారు. ఆ విత్తనం ఆవగింజకన్నా చిన్నది, ఇసుకలో కలిపి చల్లమనండి. మీరు చల్లి చూపించకండి, వాళ్ల చేతే చల్లించండి. పైన వేరుశనగ పొట్టు పలచగా పరిస్తే తడి నిలుస్తుంది. అది మన దగ్గర దొరికినంత సులువుగా ఇంకెక్కడా దొరకదు.

ప్రశ్న: నేను ఉద్యోగ విరమణ చేశాను. అద్దె ఇల్లు, మిద్దె ఎక్కనివ్వరు. తోట లేని నేను తోటపని నేర్పవచ్చా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: తప్పకుండా నేర్పవచ్చు, కానీ చేయి మట్టిలో పడాలి. దగ్గరి ప్రభుత్వ బడికి వెళ్లండి. బడుల్లో పోషకాహార తోటలు పెంచాలని కేంద్రం 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రధానోపాధ్యాయులను కలిసినప్పుడు ఆ సంగతి ప్రస్తావించండి. మునగ, కరివేపాకు, బొప్పాయి నాటండి, కాస్త ఆలనాపాలనా తగ్గినా తట్టుకుంటాయి. బడి తోటలు పోయేది పురుగుల వల్ల కన్నా వేసవి సెలవుల వల్ల. ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా నీళ్లు ఎవరు పోస్తారు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ఈ రెండూ తేల్చుకున్నాకే గుంత తీయించండి.